ఇస్త్రీ చేసిన పుస్తకాలు

దోహాలో వారానికి తొలి బడిరోజైన ఆదివారం పొద్దున, మొదటి గంట కొట్టకముందే ఖమర్ సుల్తానా లైబ్రరీ అద్దాలన్నీ రెండోసారి తుడిచేసింది. బుధవారం ఇన్‌స్పెక్షన్. మామూలుగా ఇన్‌స్పెక్షన్ అంటే గోడలకు రంగు, గుమ్మాల్లో పూలకుండీలు, పిల్లలకు రెండు రోజుల వినయం. ఈసారి వచ్చేవాళ్లు చూసేది అది కాదట. చూపు లేని పిల్లలు, మాట ఆలస్యమైన పిల్లలు, చక్రాల కుర్చీ పిల్లలు, అందరికీ ఈ బడిలో చోటుందా లేదా అని చూస్తారట. అందుకని లైబ్రరీకి చెయ్యని సోకు లేదు. చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పున దారులు వదిలారు. అరలు కిందికి దించారు. హెడ్‌ఫోన్లు తెచ్చారు, కూర్చుంటే మనిషి సగం మునిగిపోయే మెత్తటి సంచులు తెచ్చారు. కిటికీ పక్క మూలకి ‘అందరి మూల’ అని ఇంగ్లీషులో నీలం బోర్డు తగిలించారు.

ఆ మూల పై అరలో తొమ్మిది పుస్తకాలు పలకల్లా నిటారుగా నిలబడి ఉన్నాయి. ఖమర్ వాటి వీపుల మీద గుడ్డతో ఒకసారి ప్రేమగా రాసింది. ఆరేళ్లుగా ఆమె ఈ లైబ్రరీలో అసిస్టెంటు. అట్టలు వెయ్యడం, నంబర్లు అంటించడం, కంప్యూటర్లో ఎక్కించడం ఆమె పని. కానీ జగిత్యాలలో బైండింగు షాపు నడిపిన ఫరీదుద్దీన్ కూతురు కనక, పని ఎంతవరకో అంతవరకే చేసి ఊరుకోదు. సెప్టెంబరులో ఈ తొమ్మిదీ వచ్చినప్పటి అవతారానికీ ఇప్పటికీ పోలికే లేదు. "ఎంత నీటుగా ఉన్నాయండీ!" అని ప్రిన్సిపాల్ అందరి ముందూ మెచ్చుకున్న రోజు ఆమె కాళ్లు నేలమీద ఆనలేదు.

రెండో పీరియడ్‌లో లైబ్రేరియన్ అరుంధతి ఒక పాపను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అమ్ము. నాలుగో తరగతి. పుట్టుకతోనే చూపు లేదు. రెండు జడలు, ఒక చేతిలో మడిచిన తెల్లకర్ర. పేరుకి నాలుగో తరగతే గానీ, రోజులో సగం కింది అంతస్తు సపోర్ట్ రూములో ఉంటుంది. విడిగా నేర్పవలసిన పిల్లలు ఈ పాపతో కలిపి పదకొండు మంది ఉన్నారక్కడ. బస్సు దిగుతుంటే చూడడమే తప్ప ఖమర్ ఈ పిల్లతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"బుధవారం వచ్చేవాళ్ల ముందు మనమ్మాయి పుస్తకం చదువుతుంది," అంది అరుంధతి. విజయవాడ మనిషి, ఎంత కంగారులో ఉన్నా మాట నెమ్మది. "ఇవాళ ప్రాక్టీసు. ఖమర్ గారూ, ఆ బ్రెయిలీ పుస్తకాల్లో ఒకటి ఇలా ఇవ్వండి."

"ఏ పుస్తకాలు మేడమ్?"

"పై అరలో తొమ్మిది ఉన్నాయి కదండీ, అవే. కొత్తగా అడుగుతారేంటి?"

ఖమర్‌కు ఆ మాట సరిగ్గా బుర్రకెక్కలేదు. చెయ్యి తన దారిన తాను ఒక పుస్తకం తీసి ఇచ్చింది. పాప దాన్ని ఒళ్లో పెట్టుకుని ముందు అట్ట తడిమింది, తరువాత మందం చూసింది. "ఇంత లావా! అంతా కథేనా మిస్?" అంది. ముఖం వెలిగిపోయింది. అట్ట తెరిచి రెండు చేతుల వేళ్లూ పేజీ పైమూలకు తెచ్చి, కుడివైపుకు జరుపుకుంటూ పోయింది. అంచుదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చింది. ఒక లైను కిందికి దిగింది. పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. వేళ్లు ముందు ఆత్రంగా, తరువాత అనుమానంగా, చివరికి కాగితాన్ని రుద్దుతున్నట్టు కదిలాయి.

"మిస్, ఇందులో ఏమీ లేదు."

"సరిగ్గా చూడమ్మా."

"చూశాను మిస్. ఏమీ లేదు."

రెండోది ఇచ్చారు. మూడోది ఇచ్చారు. తొమ్మిదీ బల్లమీదకి వచ్చాయి. అరుంధతి ముఖం పాలిపోయింది. "ఏంటండీ ఇది! చుక్కల్లేని పుస్తకాలు అంటగట్టారా మనకి?" అంటూ ఫోను తీసి, పుస్తకాలు పంపినవాళ్ల నంబరు వెతకడం మొదలుపెట్టింది. అప్పుడు అమ్ము చూపుడు వేలు పేజీ లోపలి అంచున, సరిగ్గా కుట్టు పక్కన ఆగింది.

"ఇక్కడుంది మిస్! ప్రతి లైనుకీ మొదట్లో ఒక్క అక్షరం ఉంది. మిగతా చుక్కలన్నీ ఎవరో అణిచేసినట్టు నలిగిపోయాయి."

ఖమర్ వంగి ఆ అంచు చూసింది. ఇస్త్రీపెట్టె ముక్కు కుట్టు దాకా పోదు. ఎంత ఒత్తినా ఒక వేలు వెడల్పు మిగిలిపోతుంది. ఆ సంగతి ఈ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు.

సెప్టెంబరులో స్టోర్ రూములో ఏసీ నీళ్లు కారి పుస్తకాల డబ్బా తడిసింది. మిగతా పుస్తకాలన్నీ ఉబ్బి ఉంటే, ఈ తొమ్మిదింటికీ కాగితం నిండా చెమటకాయల్లాంటి పొక్కులు. పెద్ద పెద్ద అక్షరాలు అచ్చువేసిన పిల్లల కథలే, మంచి దళసరి కాగితం. తేమకి పాడైపోయాయనుకుని ఆమె ప్రాణం ఉసూరుమంది. నజ్మా పేటలో తన గదిలోని ఇస్త్రీపెట్టె సంచిలో పెట్టుకొచ్చి, పలచటి తడిగుడ్డ పరిచి, తండ్రి చేసినట్టే ఒక్కొక్క పేజీ ఇస్త్రీ చేసింది. పలకల మధ్య పెట్టి, పైన అట్లాసులు పేర్చి వారం రోజులు అణిచి ఉంచింది. ఒక్క పొక్కు మిగలకుండా చేశానని మురిసిపోయింది.

"ఖమర్ గారూ, మీకేమైంది? చెమటలు పడుతున్నాయి," అంది అరుంధతి.

"ఏం లేదు మేడమ్," అంది ఖమర్. పుస్తకాలు ఒకదానిమీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది.

*

సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక, ఊరవతల ఉమ్ సలాల్‌లో డ్యూటీ దిగి భర్త జియావుద్దీన్ ఇంటికొచ్చేసరికి స్టవ్ మీద నీళ్లు ఇగిరిపోయి గిన్నె మాడుతోంది. ఖమర్ మంచం అంచున కూర్చుని ఉంది. ఆయన అక్కడ ఒక విల్లాలో డ్రైవరు. స్టవ్ ఆపి, గిన్నె సింకులో పడేసి, "క్యా హువా?" అన్నాడు.

చెప్పింది. ఇంట్లో ఇద్దరి మాటా సగం దక్కనీ, సగం తెలుగు. ఇవాళ ఆమెకు రెండూ సరిగ్గా రాలేదు.

జియావుద్దీన్ ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. అంతా విని, "ఎవరన్న చూసిన్రా నువ్వు ఇస్త్రీ చేస్తుంటే?" అన్నాడు.

"లేదు. శుక్రారం సెలవుల చేసిన."

"అయితే నోరు మూసుకో. పంపినోళ్లదే తప్పు అనుకుంటున్నరు గదా, అననీ. నీ వీసా వాళ్ల చేతుల ఉంది. నీ కొలువు పోతే ఈ గది గూడ పోతది. జగిత్యాల పోయి ఏం జేస్తవు?"

"ఆ పిల్ల ముఖం చూస్తే నీకు తెలుస్తుండె."

"నేను నీ ముఖం చూస్తున్న," అన్నాడాయన. అని, బీపీ మాత్ర వేసుకోవడానికి డబ్బా అందుకున్నాడు.

ఆయన పక్కన పెట్టిన డబ్బాను ఖమర్ ఊరికే చేతిలోకి తీసుకుంది. వేలి కింద ఏదో గరుకుగా తగిలింది. దీపం కిందికి తెచ్చి చూసింది. మందు పేరు కింద అట్టమీద చిన్న చిన్న చుక్కలు, వరసగా, ఉబ్బెత్తుగా. రెండేళ్లుగా నెలకో డబ్బా చొప్పున ఈ ఇంట్లోకి వస్తూనే ఉన్నాయి. ఎన్నిసార్లు పట్టుకుందో, ఎన్నిసార్లు నలిపి చెత్తబుట్టలో వేసిందో! ఒక్కసారి కూడా ఇవేమిటి అనుకోలేదు. కళ్లు మూసుకుని ఆ చుక్కలమీద వేలు నడిపింది. ఏమీ తెలియలేదు, అన్నీ ఒకటే ఇసకలా ఉన్నాయి.

*

సోమవారం పొద్దున్నే అరుంధతి బల్ల ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

అరుంధతి రాస్తున్న పెన్ను పక్కన పెట్టేసింది. "ఇస్త్రీయా!" అంది. "పుస్తకాలకా! తొమ్మిదింటికీనా!"

"తొమ్మిదింటికి. బట్ట వేసి చేసిన మేడమ్, కాగితం మాడకుండ."

నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో అరుంధతి తల పట్టుకుంది. ఖమర్ ఇక తిట్లకోసం ఎదురుచూసింది. తిట్లు రాలేదు. అరుంధతి లేచి తలుపు దగ్గరకి వేసి వచ్చింది.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు మేడమ్."

"చెప్పకండి. కొత్తవి రావాలంటే నెలన్నర. వచ్చేవాళ్లకి బ్రెయిలీ ఏమీ రాదు. మీరు ఇవాళా రేపూ అమ్మును కూర్చోబెట్టుకుని, ఒక కథ అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించండి. ఆ పిల్ల ఏకసంథాగ్రాహి, ఒకటి రెండుసార్లు వింటే వచ్చేస్తుంది. బుధవారం వేలు పెట్టి అప్పజెప్పేస్తుంది. అంతే."

"చదివినట్టు నటించమంటరా మేడమ్ పిల్లను?"

"మీ ఉద్యోగం ఉండాలా వద్దా? నా కాంట్రాక్టూ మార్చితో ఆఖరు ఖమర్ గారూ. నాకు మాత్రం ఇష్టమా ఇది?" అంది అరుంధతి.

తిట్టి ఉంటే బావుండేది. ఖమర్‌కు ఆ క్షణంలో దుఃఖం, రోత, వాటికింద సిగ్గులేకుండా ఒక నిశ్చింత, మూడూ కలిసి వచ్చాయి. సరే మేడమ్ అంది. అని బయటికొచ్చి, ఆ అన్నది తనేనా అని తెల్లబోయింది.

*

కథ దారి తప్పిన ఒంటె పిల్లది. ఎనిమిది పేజీలు. ఖమర్ ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదువుతుంటే అమ్ము మధ్యమధ్య పలకడం సరిదిద్దింది. సోమవారం సాయంత్రానికే సగం నోటికొచ్చేసింది. మంగళవారం మధ్యాహ్నం మొత్తం గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పి, "తప్పుల్లేవు కదా ఆంటీ?" అంది.

"లేవు బేటా."

"మరి పుస్తకం ఎవరు పాడుచేశారు? మిస్‌ని అడిగితే చెప్పలేదు."

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది ఖమర్. పిల్ల వేళ్లు ఆ చదునుకాగితం మీద ఊరికే ఆడుతున్నాయి.

"నేనే. పొక్కులనుకొని ఇస్త్రీ చేసిన. నీ అక్షరాలని నాకు ఎర్కలేకుండె."

అమ్ము వేళ్లు ఆగిపోయాయి. "అన్నీనా?"

"అన్ని."

"ఎప్పుడు?"

"సెప్టెంబర్ల."

ఏడుస్తుందనుకుంది. కోప్పడుతుందనుకుంది. పిల్ల లెక్కలు వేసుకుంటున్నట్టు తల వంచింది. "అయితే సెప్టెంబరు నుంచీ ఉన్నాయా ఇక్కడ? ప్రతి గురువారం మా క్లాసుకి లైబ్రరీ పీరియడ్ ఉంటుంది కదా, అందరూ పైకి వెళ్తారు, నన్ను సపోర్ట్ రూములో ఉండమంటారు. నాకు పుస్తకాలు ఏవీ అని అడిగితే, నీవి ఇంకా రాలేదమ్మా అనేవాళ్లు. మా అమ్మ రాత్రిళ్లు కూర్చుని చుక్కల పలకమీద గుచ్చి ఇస్తుంది, రోజుకి ఒక్క పేజీ. అమ్మకి వేళ్లు నొప్పులు." ఆగి, మెల్లగా అంది. "వచ్చిన రోజే నన్ను పిలిచి ఉంటే, ఇస్త్రీకి ముందే చదివేసేదాన్ని ఆంటీ."

ఖమర్ కిటికీ మూల వైపు చూసింది. తొమ్మిది పుస్తకాలు, పై అరలో, నిటారుగా, ఐదు నెలలు. తుడిచింది తనే. ఈ పిల్ల సరిగ్గా ఆ అర కింది గదిలోనే కూర్చుని ఉంది.

"ఆంటీ, ఇంకోటి," అంది అమ్ము. "పేజీ ఎప్పుడు తిప్పాలో నాకు తెలీదు కదా. కథ ఒకచోట, పేజీ ఒకచోట ఉంటే దొరికిపోతాం. మీరు పక్కనే నిలబడి చిన్నగా దగ్గండి. దగ్గితే తిప్పేస్తాను."

"నువ్వెందుకు చేస్తవు ఇదంత?"

"మీ ఉద్యోగం పోతుందని మిస్ చెప్పారు," అంది అమ్ము, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

*

బుధవారం ముగ్గురొచ్చారు. ఇద్దరు మగవాళ్లు, నల్ల అబాయా వేసుకున్న ఒక పెద్దావిడ. ప్రిన్సిపాల్ ముందు నడుస్తూ వెడల్పు దారులు చూపించాడు, హెడ్‌ఫోన్లు చూపించాడు, మెత్తటి సంచి మీద స్వయంగా కూర్చుని లేవలేక కాస్త అవస్థ కూడా పడ్డాడు. అందరూ నవ్వారు. అరుంధతి పట్టుచీర కట్టుకుని బోర్డు పక్కన నిలబడింది. అమ్ము బల్ల దగ్గర, ఒంటె పిల్ల కథ తెరిచి పెట్టుకుని, చక్కగా నూనె రాసి దువ్విన జడలతో కూర్చుంది. ఖమర్ ఆమె కుడిపక్కన, మూడడుగుల దూరంలో.

పిల్ల మొదలుపెట్టింది. వేలు ఎడమనుంచి కుడికి నిదానంగా, మళ్లీ ఎడమకు. గొంతులో ఎక్కడా తొట్రుపాటు లేదు. ఒక పెద్దమనిషి ఫోను తీసి వీడియో పట్టాడు. మొదటి పేజీ ఆఖరి మాట వచ్చింది. ఖమర్ దగ్గింది. పేజీ తిరిగింది. ప్రిన్సిపాల్ కళ్లు సంతోషంతో చెమర్చాయి.

రెండో పేజీ. ఒంటె పిల్ల అందర్నీ దారి అడుగుతోంది. ఎవరూ చెప్పడం లేదు. ఖమర్ చూపు పిల్ల వేలిమీద అతుక్కుపోయింది. నున్నటి కాగితం మీద, ఏమీ లేనిచోట, ఉన్నట్టే నడుస్తున్న వేలు. ఈ వేలికి అబద్ధం నేర్పింది ఎవరు? తను. వేలికి చదువు లేకుండా చేసిందీ తనే. పేజీ ఆఖరి మాట వచ్చింది.

దగ్గు రాలేదు.

అమ్ము ఆగింది. తల కొద్దిగా కుడికి తిప్పి, చెవి ఇటు పెట్టింది. అరుంధతి కళ్లతోనే ప్రాధేయపడింది. ఖమర్ గొంతు సవరించుకుంది, ఐనా దగ్గలేదు. పిల్ల పెదాలు వణకడం మొదలుపెట్టాయి.

ఖమర్ మూడడుగులూ వేసి పిల్ల చేతిమీద చెయ్యి వేసింది. "చాలు బేటా," అంది. పెద్దావిడ వైపు తిరిగి, తనకొచ్చిన హిందీ, ఇంగ్లీషు కలిపి చెప్పింది. "మేడమ్, ఈ పుస్తకంల చుక్కలే లేవు. పిల్ల చదువుతలేదు, నోటికి చెప్తున్నది. మీరే ముట్టి చూడుండ్రి."

ప్రిన్సిపాల్ "ఖమర్!" అని అరిచినంత పని చేశాడు. పెద్దావిడ చేత్తోనే ఆయన్ని ఆపి, బల్ల దగ్గరకొచ్చి పేజీమీద అరచెయ్యి ఆనించింది. అటూ ఇటూ జరిపింది. ముఖం చిట్లించింది.

"నున్నగా ఉంది. ఎవరు చేశారు?" ఆవిడకు హిందీ బాగానే వచ్చు, దోహాలో చాలామందికి వచ్చినట్టే.

"నేనే మేడమ్. తెలువక ఇస్త్రీ చేసిన."

ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. "ఎప్పుడు?"

"సెప్టెంబర్ల."

ఆవిడ వేళ్లమీద లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. "పాడైనట్టు తెలిసింది ఎప్పుడు?"

"మొన్న ఆదివారం. ఈ పిల్ల ముట్టి చెప్పింది."

"అంతవరకూ?"

ఖమర్ పై అర చూపించింది. అరుంధతి నేలచూపులు చూసింది. ప్రిన్సిపాల్ ఏదో చెప్పబోయి, అది వాక్యం కాకముందే మానేశాడు. పెద్దావిడ వంగి అమ్మును ఇంగ్లీషులో అడిగింది. "నువ్వు ఈ గదికి ఎన్నిసార్లు వచ్చావమ్మా?"

"ఇవాళ్టితో నాలుగుసార్లు మేడమ్," అంది అమ్ము. నాటకం బయటపడ్డా పిల్ల గొంతులో బెదురు లేదు. "ఆదివారం, సోమవారం, మంగళవారం, ఇవాళ."

ఇస్త్రీ సంగతి విన్నప్పుడు నోరు వెళ్లబెట్టినవాళ్లే, ఈ మాటకు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. ఫోనులో వీడియో పడుతున్నాయన మెల్లగా ఫోను దించేశాడు. పెద్దావిడ కాగితంమీద ఒకే ఒక్క లైను రాసుకుని, అమ్ము తల నిమిరి, బయటికి నడిచింది.

*

గురువారం ఖమర్ బల్ల సొరుగుల తాళాలు ఒక కవరులో వేసి సిద్ధంగా పెట్టుకుని వచ్చింది. కంప్యూటరు పక్కన చీటీ ఉంది. పదకొండు గంటలకు ప్రిన్సిపాల్ గదికి రావాలని. జియావుద్దీన్ పొద్దున టీ తానే పెట్టి ఇచ్చాడు. వెళ్లేటప్పుడు, "పిల్ల ఏమన్నది?" అని అడిగాడు. "ఏం అనలే," అంది ఖమర్.

"మీరొక్కరే మునగలేదండీ, నన్నూ ముంచారు," అంది అరుంధతి. కోపం ఉంది కానీ అందులో బలం లేదు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు వాచి ఉన్నాయి.

పదిన్నరకు నాలుగో తరగతి వచ్చింది. వరస చివర, ముందుపిల్ల భుజంమీద చెయ్యి వేసుకుని అమ్ము. ఈసారి ఎవరూ కింద ఉండమనలేదు. తిన్నగా కిటికీ మూలకు నడిచి, అర తడుముకుని ఒంటె పిల్ల పుస్తకం తీసుకుని, ఖమర్ బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"ఆంటీ, ఇది నాకు ఇష్యూ చేయండి."

"అందుల ఏమున్నది బేటా?"

"కుట్టు పక్కన ఒక్కో అక్షరం ఉంది కదా. అవి చదువుతాను. మా క్లాసులో అందరి సంచుల్లోనూ లైబ్రరీ పుస్తకం ఉంటుంది. నాకూ కావాలి."

ఖమర్ కంప్యూటరు తెరిచింది. "బడిల రాసిన నీ పేరు చెప్పు."

"అమూల్య. నాన్నగారి పేరు కృష్ణప్రసాద్."

పేరు కొట్టింది. ఈ పేరుతో ఎవరూ లేరంది కంప్యూటరు. మళ్లీ కొట్టింది. లేరంది. నాలుగో తరగతి మొత్తం తెరిచి పైనుంచి కిందికి చూసింది. ముప్ఫై ఒక్క పేర్లున్నాయి. ఆ పేరు లేదు. ఫైలులోంచి ఏప్రిల్‌లో టీచరు పంపిన కాగితం లాగింది. అందులో ముప్ఫై రెండు. పన్నెండో నంబరు అమూల్య, పక్కనే పెన్సిలుతో ‘సపోర్ట్ రూమ్’.

ఖమర్ వేలు ఆ పెన్సిలు మాటమీద ఆగింది. పేర్లు ఎక్కించింది ఆమే. ఆ పెన్సిలు మాట ఉన్న పేర్లు వదిలెయ్యమని ఎవరూ చెప్పలేదు. వీళ్లెట్లాగూ రారు గదా అని, తనే, ఒక్క క్షణం కూడా ఆగకుండా, దాటుకుంటూ పోయింది. ఇస్త్రీ తెలియక చేసింది. ఇది? ఇస్త్రీ సెప్టెంబరులో. ఇది ఏప్రిల్‌లో.

అరుంధతి వెనకనుంచి వచ్చి తెర చూసింది, కాగితం చూసింది. "పదకొండు మందీ లేరా?" అంది. లేరన్నట్టు ఖమర్ తల ఊపేసరికి పక్క కుర్చీలో కూలబడింది.

"ఏమైంది ఆంటీ?" అంది అమ్ము.

"ఏం గాలే. నీ పేరు రాస్తున్న." అక్షరం అక్షరం చూసుకుంటూ అమూల్య అని కొట్టింది. పుస్తకం నంబరు ఎక్కించింది. లోపలి చీటీమీద తారీఖు ముద్ర గుద్దింది. ఆ చీటీమీద అదే మొదటి ముద్ర. "పదిహేను రోజులకు తెచ్చియ్యాలె."

"రెన్యూ చేయించుకుంటాను," అంది అమ్ము పుస్తకం గుండెకు ఆనించుకుని.

"కింద నీతోని ఉండేటోళ్ల పేర్లు చెప్పు బేటా. అందరివి."

"జయంత్," అంది అమ్ము. "మరీహా. దానియాల్. వాడికి బొమ్మల పుస్తకాలే ఇష్టం, అది కూడా రాయండి. ముఖీత్. గౌహర్."

బల్లమీది ఫోను మోగింది. పదకొండయింది. ప్రిన్సిపాల్ ఎదురుచూస్తున్నారు, వెంటనే రమ్మన్నారు అంది అవతలి గొంతు. ఖమర్ తాళాల కవరు వైపు ఒకసారి చూసి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. వేళ్లు మీటల మీదే ఉన్నాయి.

"వస్త అని చెప్పుండ్రి," అంది. "ఇంక ఐదు పేర్లున్నయ్."